లోపల మామయ్యది, బయట నాన్నది

ఆ వేసవిలో మా ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయి. ఒకటి బండి పార్టీ, రెండోది ఇల్లు పార్టీ. మొదటిదానికి నాయకుడూ కార్యకర్తా ఓటరూ అన్నీ మా నాన్నే. రెండోదానికి మా మామయ్య. అమ్మ ఏ పార్టీలోనూ చేరలేదు. కాకపోతే రెండు పార్టీలకీ వేళకి భోజనం పెట్టేది ఆవిడే కాబట్టి, ప్రభుత్వం ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉండేది.

నాన్న బస్సులకు బాడీలు కట్టేవాడు. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ ఉన్న ఉత్త అస్థిపంజరం వచ్చేది. దానికి ఇనప చట్రం వెల్డింగ్ చేసి, రేకులు తొడిగి, సీట్లు బిగించి, రంగులు వేసి, నలుగురూ ఎక్కి తిరిగే బస్సుగా మార్చి పంపేవాడు. షెడ్డు మా ఇంటి పక్కనే. అమ్మ సీట్లకు కవర్లు కుట్టేది. నేను వైర్లూ దీపాలూ చూసేదాన్ని. వీధిలో బస్సు వెళ్తుంటే నాన్న భోజనం మీంచి తల ఎత్తకుండానే చప్పుడు విని "ఇది మనదే" అనేవాడు. నేను కిటికీలోంచి తొంగి చూస్తే నిజంగానే మాదై ఉండేది.

ఆ ఏడాది మాత్రం షెడ్డు బోసిపోయింది. ఊరి బయట పెద్ద ఫ్యాక్టరీ ఒకటి వెలిసింది. అందులోంచి బస్సులు అద్దాలతో సహా తయారై, స్నానం చేసి వచ్చినట్టు తళతళలాడుతూ బయటికి వస్తున్నాయి. ఇక మా దగ్గరికి ఎవరొస్తారు? ఆ ఫ్యాక్టరీ వాళ్ళే నాన్నకు కబురు పెట్టారు. తయారైన బాడీలను తనిఖీ చేసే పని. మెడలో కార్డు, నెలనెలా జీతం. వేసవి దాటేలోగా వచ్చి సంతకం పెట్టమన్నారు. నాన్న ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. రోజూ పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, ఖాళీ నేలను శుభ్రంగా ఊడ్చి, ఇంటికి వచ్చి కూర్చునేవాడు. సంతకం పెడితే షెడ్డుకు తాళం పడుతుంది. తాళం పడ్డాక మా నాన్న ఎలా ఉంటాడో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ వచ్చింది. వచ్చిందంటే నడిచి రాలేదు. ఒక పాత చిన్న బస్సును తనే తోలుకుంటూ వచ్చి, రివర్సులో సరాసరి షెడ్డులోకి తెచ్చి ఆపింది. మా షెడ్డులో అంత పొందిగ్గా బండి నిలబెట్టిన డ్రైవర్లు తక్కువ. నాన్నకు ఆవిడ మీద గౌరవం అక్కడే పుట్టింది.

"అన్నయ్యగారూ, దీన్ని ఇల్లు చేసిపెట్టాలి" అంది దిగుతూనే.

నాన్నకు అర్థం కాలేదు. "ఏం చెయ్యాలీ?"

"ఇల్లు. నేనుండే ఇల్లు. ఆస్పత్రివాళ్ళు నన్ను నాలుగు నెలలకో ఊరికి పంపిస్తుంటారు. వెళ్ళిన ప్రతిచోటా గది వెతుక్కోవాలి. ఈ గోడకి మేకు కొట్టొద్దు, ఆ వేళకి స్నానం చెయ్యొద్దు అని ఇంటివాళ్ళ చేత చెప్పించుకోవాలి. ప్రాణం విసిగిపోయింది. ఇల్లే నాతో పాటు వస్తే గొడవుండదు కదా?"

"బస్సులో కాపురం ఎవరైనా చేస్తారా అమ్మా?"

"ఎంతమంది చేస్తున్నారో చూడండి" అని ఫోన్ తీసింది. ఒక జంట సముద్రం ఒడ్డున బండి ఆపి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఒకతను కొండ మలుపులో వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి, కంప్యూటర్ ముందేసుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. ఇంకొకళ్ళు పిల్లల్తో సహా అందులోనే ఉంటున్నారు. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని ఆ బండ్ల కింది భాగం కనిపిస్తుందేమోనని చూశాడు. అమ్మ మాత్రం అసలు సంగతి అడిగింది.

"మొత్తం ఊడవడానికి ఎంతసేపు పడుతుంది?"

"అయిదు నిమిషాలు, వదినా."

అమ్మ మా ఇంటి వైపు ఒకసారి చూసి నిట్టూర్చింది.

"వేసవి చివర్లో నేనుండే గది ఖాళీ చేసేస్తున్నాను. ఆ తర్వాత నాకింకో గది లేదు, ఇదే" అని చెప్పి, బండి తాళాలు నాన్న చేతిలో పెట్టి నర్సమ్మ వెళ్ళిపోయింది.

నాన్న పని మొదలుపెట్టాడు. అలవాటైన చెయ్యి కదా, ఊరుకుంటుందా? వారం తిరిగేసరికి కొత్త రేకులు, చుట్టూ పెద్ద పెద్ద కిటికీలు, పట్టుకోవడానికి పైన కడ్డీలు, ముందు నుంచి వెనక దాకా గంట కొట్టే తాడు, అన్నీ తయారు. అమ్మ లోపలికి ఎక్కి ఆ తాడు లాగి చూసింది. గంట మోగింది.

"ఇందులో కండక్టరెవరండీ?" అంది.

నాన్న కొంచెం ఆలోచించాడు. "ఎవరైనా దిగాలంటే?"

"ఉండేది ఆవిడొక్కతే. దిగాలంటే ఆవిడే బండాపి ఆవిడే దిగుతుంది. ఆవిడకి రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. ఇన్ని కిటికీలు పెడితే మిట్టమధ్యాహ్నం ఎండ మొహాన కొడుతూ ఉంటే ఎలా పడుకుంటుంది?"

"కిటికీల్లేని బస్సేమిటే! చూసినవాళ్ళు నవ్వరూ?"

అమ్మ ఇక వాదించలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది.

మా మామయ్య ఇళ్ళకు పనిచేసే వడ్రంగి. తలుపులు, అల్మారాలు, వంటగది అరలు ఆయన పని. ఆయన చేసిన సొరుగు వేలితో తోస్తే లోపలికి వెళ్ళి, ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు చేసి ఆగేది. పనిముట్ల సంచిలో పైన మెత్తటి గుడ్డలో చుట్టిన రసమట్టం ఉండేది. మధ్యలో గాజు గొట్టం, అందులో బుడగ. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడితేనే మామయ్య ఒక పలకను నమ్మేవాడు. మనుషుల్ని కూడా దాంతోనే కొలుస్తాడని అమ్మ ఎగతాళి చేసేది.

వచ్చిన రోజే ఇద్దరికీ చెడింది.

"బావా, ఇది ఇల్లు. గోడలుండాలి, మూలలుండాలి, మనిషి కాళ్ళు చాపుకోవాలి."

"ఇది బండోయ్. గుంటలో పడుతుంది, లేస్తుంది, మలుపులో ఒరుగుతుంది. నీ అల్మారాలు ఆ కుదుపుకి ఆగుతాయా?"

"రోజుకో గంట కదుల్తుందేమో. మిగతా రోజంతా నిలబడే ఉంటుంది కదా!"

"ఆ గంటలోనే కదా ఊడేది!"

మూడో రోజుకి మాటలు షెడ్డు దాటి వీధిలోకి వినిపించడం మొదలైంది. అమ్మ సుద్దముక్క పట్టుకుని వచ్చి, బస్సు మెట్టు మీద అడ్డంగా గీత గీసింది.

"ఈ గీతకి బయట ఆయనది. లోపల నీది. ఒకళ్ళ పనిలో ఒకళ్ళు వేలు పెట్టారో, ఇద్దరికీ పస్తే."

మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద చట్టం లేదు. ఇద్దరూ తు.చ. తప్పకుండా పాటించారు. వైర్లు లోపలా బయటా కూడా నడవాలి కాబట్టి గీత దాటే హక్కు నాకొక్కదానికే ఉండేది. దాంతో రాయబారం నా నెత్తిన పడింది. చెయ్యి చాపితే అందే దూరంలో నిలబడి, "నీళ్ళ ట్యాంకు కింద బిగిస్తున్నాను, గొట్టం ఎక్కడికి కావాలో మీ మామయ్యని అడుగు" అనేవాడు నాన్న. "పొయ్యి పక్కకి కావాలని మీ నాన్నకి చెప్పు" అనేవాడు మామయ్య. నేను నోరు తెరిచే లోపే నాన్న గొట్టం అటు వంచేవాడు. నా ఉద్యోగం ఉత్త అలంకారం.

కానీ పని మాత్రం చూసి తీరాలి. బయట నాన్న ప్రతి రేకు అంచునూ చేత్తో తడిమి, వాన నీరు ఎటు జారుతుందో వేలితో గీసి చూపించి మరీ బిగించాడు. లోపల మామయ్య మడిచే బల్ల, కింద సొరుగులున్న మంచం, గిన్నెలు జారకుండా అంచులున్న అరలు చేశాడు. నేను మంచం దగ్గర చదువుకోవడానికి చిన్న దీపం పెట్టాను. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఊరికి ఇది కొత్త ముచ్చట. "మీ ఇంట్లో ఏదో ఇల్లు కడుతున్నారటగా!" అని అడిగితే నాకు ఛాతీ ఉప్పొంగేది.

అన్నీ అయ్యాయనుకున్న రోజు బస్సును షెడ్డులోంచి రోడ్డు మీదకు తెచ్చి నిలబెట్టాం. కర్టెన్లు కట్టడానికి అమ్మ లోపలికి వెళ్ళి, చేతిలోని దారపు రీలును వంటగట్టు మీద పెట్టింది. రీలు ఒక్క క్షణం ఆలోచించుకుంది. తర్వాత మెల్లగా కదిలి, గట్టు పొడుగునా దొర్లి, కింద పడి, మెట్లు దిగి, బయట నిలబడ్డ నాన్న కాళ్ళ దగ్గర ఆగింది.

అమ్మ తీసుకెళ్ళి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చింది.

అదే సమయానికి అల్మారా తలుపు, లోపల ఎవరో ఉండి తోసినట్టు, దానంతటదే తెరుచుకుంది. మామయ్య మొహం మాడిపోయింది. గుడ్డ విప్పి రసమట్టం గట్టు మీద పెట్టాడు. బుడగ ఒక మూలకి పోయి దాక్కుంది. మంచం మీద పెట్టాడు, అదే మూల. చివరికి బస్సు నేల మీద పెట్టాడు. అక్కడ మాత్రం బుడగ బుద్ధిగా మధ్యలో కూర్చుంది. మామయ్య దిగి, షెడ్డులోకి వెళ్ళి, ఇన్నాళ్ళూ బస్సు నిలబడ్డ నేల మీద పెట్టి చూశాడు.

మా షెడ్డు నేల వాలుగా ఉంటుంది. బస్సులు కడిగిన నీళ్ళు వెనక కాలువలోకి పోవాలని అలా వేయించారు. నాన్న ఎప్పుడూ కొలతలన్నీ బండి ఫ్లోరు మీంచే తీస్తాడు కాబట్టి ఆయనకి ఆ వాలుతో పనిపడలేదు. మామయ్య ఇళ్ళ మనిషి. ఇల్లు ఒకసారి నిలబడితే మళ్ళీ కదలదు. ఆయన బుడగను నమ్ముకుని, వాలులో నిలబడ్డ బస్సులో ప్రతి పలకనూ భూమికి సమంగా బిగించాడు. బస్సు చదునైన రోడ్డు మీదకి రాగానే ఇల్లంతా ముందుకు ఒరిగింది.

గీత లేకపోయి ఉంటే నాన్న మొదటి రోజే చూసి చెప్పేవాడు. ఆ ముక్క అందరికీ తెలుసు. గీసిన అమ్మకి ఇంకా బాగా తెలుసు. ఆవిడ కర్టెన్ గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది.

మామయ్య తిరిగొచ్చి బస్సులోకి ఎక్కి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అందరం నాన్న వైపు చూశాం. అనదలుచుకుంటే ఎన్ని అనొచ్చు! నేను చెప్పలేదూ, ఇది బండని! ఆ మాట కోసం నాన్న వేసవంతా ఎదురు చూశాడు. ఇప్పుడు వడ్డించి ముందు పెట్టినట్టు దొరికింది.

నాన్న చెప్పులు విడిచాడు. సుద్దగీత దగ్గరికి వచ్చి ఆగాడు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు.

మామయ్య తిరగలేదు. రసమట్టాన్ని గుడ్డలో చుట్టాడు. "రా, బావా."

నాన్న ఎక్కి, వంటగట్టుకి అవతలి కొస పట్టుకున్నాడు. "నువ్వు మరలు విప్పు, నేను పట్టుకుంటాను" అన్నాడు. అంతే. ఆ సంగతి గురించి ఆ రోజూ మాట్లాడలేదు, ఈనాటికీ మాట్లాడలేదు. మా నాన్న గొప్ప బస్సులు కట్టాడని ఊరంతా చెబుతారు. నన్నడిగితే ఆ రోజు గీత దగ్గర ఆగి అడిగిన ఆ ఒక్క మాట కోసం ఆయన్ని ఎక్కువ గొప్పవాడంటాను.

మొత్తం విప్పి కుప్పపోసి ఉండగా నర్సమ్మ పెట్టెలతో దిగింది. గది ఖాళీ చేసి వచ్చేసింది మరి. పలకలూ మరలూ చూసి చేతిలో పెట్టెలు అక్కడే దించేసింది. మామయ్య "తప్పు నాదమ్మా" అని మొదలుపెట్టబోతే నాన్న అడ్డం వచ్చాడు.

"తప్పు మాదమ్మా. కొలత తప్పింది. వంకర ఇల్లు మీకివ్వలేను. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి."

"పడతాను గానీ, అందాకా నేనెక్కడుండను?"

"మా అమ్మాయి గదుంది" అంది అమ్మ. "మేకులు ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకో."

నర్సమ్మ ఫక్కున నవ్వేసింది. అలా ఆవిడ మా ఇంటి మనిషైంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నా గదిలో పడుకునేది. షెడ్డులో నాన్నా మామయ్యా ఒకే బల్లకి రెండు వైపులా చేరి, ఫ్లోరు మీంచి కొలతలు తీసుకుంటూ అన్నీ తిరిగి బిగించారు. మామయ్య సొరుగులకి కుదుపులో ఊడని గడియలు నాన్న చేశాడు. మంచం పక్కన రెండు కిటికీలు నాన్నే పీకేసి, రేకు వేసి మూసేశాడు. ఎవరూ అడగలేదు. "పగలు పడుకునే మనిషికి ఎండెందుకు?" అన్నాడు, ఆ ఆలోచన తనదే అయినట్టు. అమ్మ ఆ రెండింటికీ కుట్టిన కర్టెన్లు మడిచి పక్కన పెట్టింది. గంట తాడు కూడా ఒక పొద్దున చూస్తే లేదు.

ఒకరోజు పొద్దున్నే నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి, నా గదికి వెళ్ళకుండా నేరుగా బస్సెక్కి తలుపు వేసుకుంది. కాసేపు సొరుగు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. అప్పుడే వీధి చివర ఉండే రిటైరైన లెక్కల మాస్టారు, భార్యని వెంటబెట్టుకుని బస్సు చూడటానికి వచ్చారు. వాళ్ళ దగ్గరా పాత వ్యానొకటి ఉంది. బస్సు మీద చెయ్యి వేసి తట్టబోయారు.

నాన్న పరిగెత్తుకొచ్చి నోటి మీద వేలు వేసుకున్నాడు. "మెల్లగా మాస్టారూ. ఇంట్లోవాళ్ళు పడుకున్నారు."

మామయ్య చెక్కకి చిత్రిక పట్టడం ఆపి అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. ముగ్గురం నవ్వు ఆపుకోలేక షెడ్డు వెనక్కి పోయాం. ఆ పూటతో బండి పార్టీ రద్దయింది.

మాస్టారు గొంతు తగ్గించి, "మా వ్యాను కూడా ఇలా చేసిపెడతారా?" అని అడిగారు. నాన్న చేతులు తుడుచుకుంటూ, "చూద్దాం లెండి" అన్నాడు. ఆ 'చూద్దాం'లో ఫ్యాక్టరీ ఉందని నాకు తెలుసు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. గడువు మరుసటి సోమవారం.

నర్సమ్మ కొత్త ఊరికి బయల్దేరిందీ ఆ సోమవారమే. ఫ్యాక్టరీ ఆ దారిలోనే ఉంది. "కొంత దూరం మేమూ వస్తాం. ఎక్కడైనా చప్పుడు చేస్తుందేమో చూసినట్టుంటుంది. నన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపేద్దురు గాని" అన్నాడు నాన్న. ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకున్నాడు. ఆ చొక్కాలో ఆయన మా నాన్నలా లేడు. అమ్మ ఆ పెన్ను వైపు చూడలేదు.

నర్సమ్మ బండి తీసింది. గుంటల రోడ్డు రానే వచ్చింది. అరల్లో గిన్నెలు, సొరుగుల్లో సీసాలు, అల్మారాలో పుస్తకాలు, అన్నీ నింపి ఉన్నాయి. బస్సు పడింది, లేచింది, మలుపులో ఒరిగింది. ఒక్క చెంచా కూడా కదల్లేదు. మామయ్య వంటగట్టు మీద చెయ్యి వేసి, కన్నకూతుర్ని బడికి పంపుతున్నవాడిలా నిలబడ్డాడు. నా గురించి చెప్పాలంటే, నేను పెట్టిన దీపాలు పట్టపగలే వేసి చూసుకుంటున్నాను. అంత పొంగిపోయి ఉన్నాను ఆ రోజు.

"తలగడ వైపు ఏమైనా చప్పుడొస్తుందేమో వింటాను" అని నాన్న వెళ్ళి మంచం మీద వాలాడు. జీవితమంతా బస్సులు కట్టినవాడు బస్సులో పడుకోవడం అదే మొదలు. చేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి ఫ్యాక్టరీ గోడ మొదలైంది. గేటు దగ్గర నర్సమ్మ వేగం తగ్గించి బస్సు ఓరగా ఆపింది.

"అన్నయ్యగారు దిగాల్సింది ఇక్కడే కదా, వదినా?"

మామయ్య నాన్నని పిలవబోయాడు. అమ్మ కళ్ళతోనే ఆపేసింది. మంచం దాకా వెళ్ళి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. గేటు దగ్గర కార్డులు మెడలో వేసుకున్నవాళ్ళు ఇద్దరు బస్సుని వింతగా చూస్తున్నారు.

"నిద్రపోతున్నారమ్మా" అంది. "పోనివ్వు."

బస్సు కదిలింది. గోడ అయిపోయింది, పొలాలు వచ్చాయి. నేను మంచం పక్కనే కూర్చుని ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మా నాన్న నిద్రపోతే గురక మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఆ మంచం మీద అప్పుడు గురక లేదు.

చాలా దూరం వెళ్ళాక ఆయన లేచి కూర్చున్నాడు. వంటగట్టు వైపు కిటికీలోంచి చూశాడు.

"గేటు దాటిపోయిందా?"

"దాటిపోయింది" అంది అమ్మ.

"అయ్యో! లేపొద్దూ నన్ను?"

"ఎంత లేపినా లేవలేదు మీరు" అంది అమ్మ, కర్టెన్ సర్దుతూ.

ఎవరూ లేపలేదని ఆ బస్సులో అందరికీ తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. అయినా నాన్న తల ఊపి, ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నా వైపు తిరిగాడు. గొంతులో నవ్వు దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

"లెక్కల మాస్టారికి ఫోన్ చెయ్యి. వ్యాను రేపే తెచ్చెయ్యమను."